తలంబ్రాలు తాకని పెళ్ళికొడుకు

కర్రసాము సంగతి వచ్చింది గనుక ఒక మాట ముందే చెప్పేస్తాను. మా చుట్టుపక్కల పదూళ్ళలో కర్ర పట్టినవాళ్ళందరినీ వరసగా నిలబెట్టి, వీళ్ళలో మొనగాడెవడని అడిగితే జనం నావైపే చూసేవారు. మూడేళ్ళు సాము నేర్పే గరిడీలో ఎర్రమట్టి పూసుకున్న ఒళ్ళు ఇది. అందుచేత ఈ ప్రకరణంలో కర్ర గురించి నేనేది రాసినా అడ్డు ప్రశ్నలు వేయకుండా చదువుకోండి.

రత్నశైల రాజ్యంలో, తేనేరు ఒడ్డున, గవ్వలమిట్ట అనే ఊరుంది. ఆ ఊళ్ళో వెదురు బుట్టలు అల్లుకునే బొల్లన ఒకనాడు సంతలో గరిడీవాళ్ళు కర్ర తిప్పుతుంటే చూశాడు. ఇంటికొచ్చి, బుట్ట కోసం చీల్చబోయిన నిలువెత్తు వెదురును చీల్చకుండా పక్కన పెట్టాడు. ఆ వెదురు మళ్ళీ బుట్ట కాలేదు.

మొదట పొద్దున ఒక గడియ తిప్పేవాడు. తరువాత పొద్దునా సాయంత్రం. ఆ తరువాత ఎప్పుడు మానేవాడని అడిగితే చెప్పడం సులువు. ఎప్పుడూ మానేవాడు కాదు. కుడిచేత్తో అన్నం కలుపుతూ ఎడమచేత్తో తిప్పేవాడు. నిద్రలో తిప్పేవాడు. ఈగలు విసిగిపోయి ఆ ఇంటికి రావడం మానేశాయి. జడివానలో కర్ర తిప్పుతూ ఊరి ఈ కొసనుంచి ఆ కొసకు నడిస్తే బొల్లన మీద ఒక్క చుక్క పడేది కాదు. పక్కన నడిచేవాడు మాత్రం రెండింతలు తడిసేవాడు.

ఇటువంటివాడికి పిల్లనెవరిస్తారని తల్లి దిగులుపడుతున్న రోజుల్లో, మేనమామ కూతురు మైలమ తానే ముందుకొచ్చింది. మైలమ ఊరందరి వడ్లూ దంచిపెట్టే పిల్ల. ఇనుప పొన్ను వేసిన చండ్రకర్ర రోకలి ఆమె చేతిలో పూలచెండులా ఆడేది. బొల్లన ఒకసారి ఆ రోకటి దగ్గర ఆగి, నోరు తెరుచుకుని చూసి, "పిల్లా, రోకలి ఈ చేతినుంచి ఆ చేతికి మారేటప్పుడు నీ మణికట్టు ఎట్లా తిరుగుతోందో ఇంకోసారి చూపించవూ?" అన్నాడు. ఆడపిల్లతో అతడు మాట్లాడిన సరసం మొత్తం అదే. మైలమ పడీ పడీ నవ్వింది. నవ్వాక, చేసుకుంటే ఇతడినే చేసుకుంటానంది.

పెళ్ళిరోజు వచ్చింది. పందిరి గుంజలకు చెరుకుగడలు, చెరుకుగడలకు మొగలిరేకుల దండలు, దండలనుంచి జారే పుప్పొడికి పందిరంతా పసుపుపచ్చని మంచు పట్టినట్టుంది. పట్టుచీరలో మైలమ దీపపు సెమ్మెలా కూర్చుంది. పక్కన బొల్లన, నుదుట బాసికం కట్టుకుని, ఒళ్ళో కర్ర పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆ కర్ర అవతల పెట్టరా," అన్నాడు పురోహితుడు మంచన భట్టు.

"ముట్టుకోనులెండి స్వామీ. ఊరికే ఉంటుంది."

తాళి కట్టాడు. తలంబ్రాల పళ్ళెం వచ్చింది. మైలమ సిగ్గుపడుతూ దోసిలి నింపి బొల్లన నెత్తిన పోసింది.

విర్ర్‌మని గాలి లేచింది. ఏం జరిగిందో ఎవరికీ కనబడలేదు. చూసేసరికి బియ్యం గింజలన్నీ బొల్లన చుట్టూ మూడు మూరల దూరాన, ముగ్గు వేసినట్టు గుండ్రంగా పడి ఉన్నాయి.

"ఓరి నాయనా! ఒక్క గింజ నిలవలేదురా నెత్తిన!" అని భట్టు గుండె పట్టుకున్నాడు.

బొల్లన మొహం వెలిగిపోయింది. "ఒక్కటీ తగల్లేదు కదండీ?"

"బావా, ఇవి రాళ్ళు కాదు. బియ్యం," అంది మైలమ మెల్లగా.

"తెలుసు పిల్లా. చెయ్యి ఆగట్లా. మళ్ళీ పొయ్. ఈసారి చేతి మీద కూర్చుంటా."

కూర్చున్నాడు కూడాను. కిందనుంచి చెయ్యి ఎట్లా వచ్చిందో వచ్చింది. రెండో దోసిలీ ముగ్గయిపోయింది. అన్నదమ్ములు నలుగురు పట్టుకుంటే వాళ్ళు నలుగురూ పందిరి మీద తేలారు. మూడో దోసిలి చిట్టచివరి గింజదాకా గుండ్రంగానే పడింది.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. పదహారు రోజుల పండుగ దాటేలోగా తలంబ్రాల్లో ఒక్క గింజయినా వరుడి తల మీద నిలవాలి. నిలవకపోతే తాళి కట్టినా ఆ పెళ్ళి చెల్లదు. ఆ ఇద్దరికీ మళ్ళీ ముడిపెట్టే వీలు కూడా లేదు. భట్టు ఆ మాట చెప్పేసరికి మైలమ మొహం వాడిపోయింది.

సరిగ్గా అప్పుడే పందిరి చివరనుంచి చప్పట్లు వినిపించాయి. వెండితీగలాంటి గడ్డం, ఎర్రపట్టు నడికట్టు, నెమలికన్ను తలపాగా, ముసలి వస్తాదు ఒకడు నవ్వుతూ ముందుకొచ్చాడు.

"శభాష్ నాయనా! ముప్పై ఆరు విసుర్లూ చూశాను. ఎక్కడా వంక లేదు. మిగతావి ఎవరి దగ్గర నేర్చుకుంటావు?"

"మిగతావా?" అన్నాడు బొల్లన.

"మొత్తం అరవై నాలుగు. నీకు చెప్పలేదా ఎవరూ?"

విస్తట్లో చివరి ముద్ద తింటున్నవాడితో, లోపల ఇంకా ఇరవై ఎనిమిది కూరలున్నాయని చెబితే ఎట్లా లేస్తాడో బొల్లన అట్లా లేచాడు. కొంగుముడి అడ్డొచ్చింది. ముడి విప్పలేదు, భుజం మీది ఉత్తరీయాన్నే తీసి మైలమ ఒళ్ళో పెట్టాడు.

"ఇరవై ఎనిమిదేనే పిల్లా. రోజుకు రెండేసి నేర్చుకున్నా పద్నాలుగు రోజులు. పదిహేనోనాడు నీ ముందుంటా."

"బావా!"

అప్పటికే ఊరి పొలిమేర దాటాడు, నుదుట బాసికంతో సహా.

మీలో కొందరు బొల్లనను తిట్టుకుంటూ ఉంటారు. తిట్టకండి. ఎందుకంటే, నేను మూడేళ్ళు గరిడీ చేశానన్నాను చూశారూ, అవి మూడేళ్ళు కావు. పదకొండు రోజులు. పన్నెండోనాడు నా కర్రతో నా మోకాలిచిప్పే పగలగొట్టుకున్నాను. మా అమ్మ ఆ కర్రను దండెంగా కట్టి దానిమీద చీరలారేసింది. జనం నావైపు చూసేవారన్నది మాత్రం నిజం. కుంటుతూ పోయేవాణ్ణి ఎవరు చూడరు? కానీ ఆ పదకొండు రోజులూ నాకు ఆకలి తెలియలేదు. కర్ర గాలిని కోసే చప్పుడు విన్న చెవికి ఇంకే పిలుపూ ఎక్కదు. అందుకని బొల్లనను ఒక్క మాట అనడానికి నాకు నోరు రాదు.

ఇంతకీ ఆ వస్తాదు వస్తాదు కాడు. ఏడు కొండల అవతల కంచుకోటలో ఉండే కాంస్యకేతుడనే మాంత్రికుడు. ఆ కోట గోడలు కంచు, బురుజులు కంచు, తోటలో పువ్వులు కంచు. గాలి వీస్తే ఆకులు గలగలమంటాయి. పొద్దు ఎక్కితే కోటంతా కాగుతున్న మూకుడులా మెరుస్తుంది. నడిమధ్య వెయ్యి స్తంభాల సాముశాల. ఒక్కో స్తంభం దగ్గర ఒక్కో కంచు వీరుడు కర్ర ఎత్తి నిలబడి ఉన్నాడు, తొమ్మిది వందల తొంభై తొమ్మిది మంది. వెయ్యో స్తంభం ఖాళీ. అదీ నిండిన రోజున సైన్యం కోట దాటుతుంది, రత్నశైల రాజ్యం మట్టిలో కలుస్తుంది.

వాళ్ళందరూ ఒకప్పుడు బొల్లనలాంటివాళ్ళే. మాంత్రికుడు ఎవరినీ కట్టి తీసుకురాలేదు. నేర్పుతానన్నాడు, వచ్చారు. అక్కడ కొత్త విసురు ఒకటి వస్తే ఒంట్లో కొంత మేర కంచవుతుంది. అరవై నాలుగోది, బతికున్న మనిషి మీద విసరాలి. విసిరిన క్షణాన గుండె కంచవుతుంది.

ముప్పై ఏడో విసురుకు బొల్లన గోళ్ళు కంచయ్యాయి. నలభయ్యోదానికి ముంజేతులు. అతడు వాటిని గోడకేసి కొట్టి చూసుకుని, "వస్తాదు గారూ, నొప్పే లేదండీ!" అని పొంగిపోయాడు.

"నీలాంటి శిష్యుణ్ణి చూడలేదు నాయనా," అన్నాడు మాంత్రికుడు. ఆ మాట మాత్రం అబద్ధం కాదు.

ఇక్కడ గవ్వలమిట్టలో పదిరోజులు గడిచాయి. పదకొండోనాటి పొద్దున మైలమ తన తండ్రి తలపాగా చుట్టుకుంది, మేకవెంట్రుకలతో మీసం అతికించుకుంది, మిగిలిన తలంబ్రాలను బొల్లన ఉత్తరీయంలో మూటగట్టి నడుముకు కట్టుకుంది. రోకలి భుజాన వేసుకుంది.

"ఎక్కడికమ్మా ఈ వేషం?" అన్నాడు మంచన భట్టు నోరు తెరిచి.

"పెళ్ళి సగంలో ఆగింది కదా స్వామీ. పూర్తి చేసుకునొస్తా."

దారి అడగవలసిన పని లేకపోయింది. బొల్లన నడుస్తూ సాము చేసుకుంటూ పోయాడు గనుక దారికి రెండువైపులా చెట్ల కొమ్మలన్నీ ఒకే ఎత్తున తెగి ఉన్నాయి. తేనేరు వరద మీద ఉంది. బొల్లన అల్లిన పెద్ద గాదెబుట్టను నీళ్ళలోకి తోసి, రోకలితో తెడ్డు వేసుకుంటూ దాటింది. నడి ఏట్లో మొసలి నోరు తెరిస్తే దాని పైదవడకూ కిందదవడకూ మధ్య రోకలి నిలబెట్టి, అది తల విదిలించుకునేలోగా రోకలి లాక్కుని ఒడ్డెక్కింది. సర్పాలగుట్టలో పడగలన్నీ ఒక్కసారి లేస్తే రోకలితో నేల మీద దంపుడు దరువు వేసింది. ఆ అదురుకు పాములన్నీ పుట్టలు పట్టాయి. అయిదో కొండ దగ్గర మాత్రం దారికి అడ్డంగా ఒక కాలు ఉంది. ఆ కాలు గుండోదరి అనే రాక్షసిది.

"ఎవడ్రా అది? ఆగు. నీ మీసం ఒకవైపు ఊడింది. ఓసి, ఆడపిల్లవే!" అని రాక్షసి ఆమెను రెండు వేళ్ళతో ఎత్తింది. "మెత్తగా ఉన్నావే."

"అత్తా, నన్ను తింటే నీకు పంటి కిందికి రాను," అంది మైలమ, కాళ్ళు గాల్లో ఆడుతుంటే. "నీ వెనక ఆ వడ్లగుట్ట ఏంటి? అన్నం వండుకోవా?"

"దంచితే రోలు పగిలిపోతందే. ఇరవై ఏళ్ళయింది అన్నం తిని."

"కిందికి దించు. నేను దంచి పెడతా."

పొద్దు పొడిచిన దగ్గరనుంచి పొద్దు వాలేదాకా మైలమ తన పెళ్ళి సంగతంతా చెబుతూ దంచింది. రోకలి లేచినప్పుడు మబ్బుకు తగిలిందట, పడినప్పుడు కొండ కిందికి దిగిందట. గంగాళమంత కుండలో అన్నం ఉడికింది. గుండోదరి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, గుడ్ల నిండా నీళ్ళు తెచ్చుకుంది.

"మా ఆయనకి కొత్త బియ్యం అన్నమంటే పేణం. ఆ కంచుకోటలో మొట్టమొదటి స్తంభం కాడ నిలబడున్నాడు చూడు, ఆయనే."

"ఆయనకీ కర్ర పిచ్చేనా అత్తా?"

"పిచ్చి అనమాకే. కర్ర పట్టుకుంటే ఆయన మొగం చంటిబిడ్డ మొగంలా ఉండేది. నేనే పొమ్మన్నా, నేర్చుకురమ్మని." రాక్షసి ముక్కు చీదింది, రెండు చెట్లు ఒరిగిపోయాయి. "ఇను. ఆ కంచు కరగాలంటే ఒకటే దారి. మీద పడేదాన్ని ఒక్కదాన్నయినా ఆడు అడ్డుకోకుండా పడనియ్యాలి. బలిమిన కొడితే లాభం లేదు. ఆడే పడనియ్యాలి. నేను పోయేసరికి మా ఆయన గుండె కూడా కంచయిపోయింది."

"ఇయ్యాళ్టికి పదిహేను రోజులు. రేపొక్కరోజే ఉంది నాకు. ఇంకా రెండు కొండలు దాటాలి."

"నడిచేదేముందే?" అని గుండోదరి తెల్లారేదాకా ఆమెను ఒళ్ళో పడుకోబెట్టుకుని, పొద్దెక్కాక గుప్పిట్లో పెట్టుకుని విసిరింది.

మైలమ రెండు కొండల మీదుగా ఎగిరింది. మీసం రెండోవైపు కూడా గాలికి పోయింది. తలపాగా మాత్రం పళ్ళతో పట్టుకుంది. కంచుకోట కొలనులో దభీమని పడి, లేచి, తలపాగా చుట్టుకుని, తడిబట్టలతో సాముశాల గుమ్మం ముందు నిలబడేసరికి మిట్టమధ్యాహ్నం అయింది.

లోపల బొల్లన ఉన్నాడు. మెడదాకా కంచు. మొహం ఒక్కటే మనిషిది. నుదుటి బాసికంలో పువ్వులు ఎండి పుల్లల్లా అయ్యాయి. అరవై మూడు విసుర్లూ వచ్చేశాయి. ఇక ఒక్కటే మిగిలింది.

"రా అబ్బీ రా," అన్నాడు కాంస్యకేతుడు సంతోషంగా. "నీలాంటివాడి కోసమే చూస్తున్నాం. ఏది నీ ఆయుధం? రోకలా?"

బొల్లన కళ్ళు రోకలి మీద పడి మెరిశాయి. మనిషిని చూడలేదు, రోకలినే చూశాడు. "రోకటిసాము నేనెప్పుడూ ఆడలా! కానియ్ అన్నా!"

కర్రా రోకలీ కలిశాయి. కంచుస్తంభాలన్నీ గుడిగంటల్లా మోగాయి. మైలమ పైనుంచి దంచితే బొల్లన కిందనుంచి ఎగదోశాడు. ఆమె ఎడమచేతికి మార్చితే అతడు కుడికి మార్చాడు. ఇద్దరి కాళ్ళ కింద నుంచి నిప్పురవ్వలు లేచి కప్పు తాకాయి. బొల్లన చిన్నపిల్లవాడిలా కేరింతలు కొట్టాడు. నిజం చెప్పాలంటే మైలమకు కూడా ఒక్క క్షణం ఎందుకొచ్చిందో మరచిపోవాలనిపించింది. అతడి ఆట అంత బాగుంది.

సందు చూసి మూటలోంచి ఒక దోసిలి విసిరింది. విర్ర్‌మంది కర్ర. గింజలన్నీ గుండ్రంగా పడ్డాయి. ఇంకో దోసిలి. అదీ అంతే. మూటలో ఇక పిడికెడే ఉంది. పసుపు గింజలు చూడగానే మాంత్రికుడి మొహం మారింది.

"తలంబ్రాలు! ఇది ఆడది! బొల్లనా, అరవై నాలుగోది విసురు! ఇప్పుడే!"

బొల్లన కర్ర నెత్తిమీదికి లేచింది. గాలి సుడి తిరిగింది. మైలమ రోకలిని నేల మీద పెట్టేసింది. తలపాగా విప్పి, మూటలోని ఆఖరి గింజలు పిడికిట పట్టి, పీటల మీద కూర్చున్నట్టే అతడి ఎదుట కూర్చుంది.

"నేను అడ్డు వెయ్యను బావా. కొడితే కొట్టు."

గరిడీలో ఒక కట్టుబాటు ఉంది. ఎదుటివాడు ఆయుధం నేలమీద పెడితే, తాను తల వంచి భూమిని తాకి మొక్కాలి. మొక్కకుండా ఏ పోటీ ముగియదు. అన్నేళ్ళ అలవాటు; కంచు నడుము కిర్రుమని వంగింది. బాసికం కట్టిన తల మైలమ చేతికి అందేంత దగ్గరకు వచ్చింది. ఆమె పిడికిలి విప్పింది.

గింజలు జారుతుండగానే అతడి చేతిలో కర్ర కదిలింది. మైలమ కళ్ళు మూసుకుంది. అంతలో, అంతసేపు ఆడిన ఆటకు అరచేతికి చెమటపట్టి ఉందేమో, కర్ర జారి ఠంగున నేలమీద పడింది. ఏడు గింజలు బొల్లన నెత్తిన పడ్డాయి. ఆరు దొర్లిపోయాయి. ఒక్కటి బాసికంలో చిక్కుకుని నిలిచింది.

కంచు మోగడం మొదలుపెట్టింది. మెడ దగ్గర, భుజాల దగ్గర, మోకాళ్ళ దగ్గర; ఒక్కో చోట మోగి, కరిగి, నీళ్ళలా కాళ్ళ వెంబడి కారిపోయింది. బొల్లన చలికి వణుకుతున్నవాడిలా కూలబడి, నెత్తి తడుముకున్నాడు.

"ఏదో తగిలింది పిల్లా."

"తగిలింది బావా."

"బాగానే ఉంది."

కాంస్యకేతుడు గడ్డం పీక్కుని నేలను తన్నాడు. శాల తలుపులు దభాలున మూసుకున్నాయి. పడిపోయిన వెదురుకర్ర అతడి కాలి కింద పిండి పిండి అయింది. "వెయ్యోవాడు లేకపోతే పోనీ! వీళ్ళు చాలు మీ ఇద్దరికీ!" అని చప్పట్లు చరిచేసరికి, తొమ్మిది వందల తొంభై తొమ్మిది కంచు మెడలు ఒక్కసారి ఇటు తిరిగాయి. మొదటి స్తంభం దగ్గరి రాక్షసుడు తాటిమానులాంటి కర్ర ఎత్తి ముందుకు అడుగేశాడు.

మైలమ రోకలి అందుకుని ఒక కొస బొల్లన చేతికిచ్చింది. అతడు దాన్ని బరువు చూశాడు, తిప్పి చూశాడు. కళ్ళు మళ్ళీ మెరిశాయి.

"దీని పట్టు వేరేలా ఉందే! మొదటి పాఠం చెప్పు పిల్లా."

"ఇప్పుడా!" అని అరిచింది మైలమ. అయినా అతడి వేళ్ళు పట్టుకుని సరైన చోట పెట్టింది. రాక్షసుడి కర్ర వాళ్ళ నెత్తిమీదికి దిగుతోంది.

ఆ దెబ్బ సంగతి వచ్చే ప్రకరణంలో చెబుతాను గాని, ఇక్కడ ఆపి, ఒక సంగతి ఒప్పుకోవాలి. చెమటకు కర్ర జారిందని రాశాను, అది నేను కల్పించింది. కంచుచేతికి చెమట ఎట్లా పడుతుంది? అంత సాము చేసినవాడు కర్రను తనంతట తాను వదిలేశాడంటే గరిడీవాళ్ళు చిన్నబుచ్చుకుంటారని అట్లా రాశాను. కర్ర జారలేదు. గింజలు గాలిలో ఉండగా బొల్లన వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు. చిటికెనవేలు విప్పడానికి చాలా కష్టపడ్డాడు.